వెయ్యి తోళ్ళ రాకుమారి: గ్రిమ్ కథకు తోలుబొమ్మలు, పని డైరీ

తోలుబొమ్మ వెనక దీపం పెడితే తెర మీద రంగు కనబడుతుంది. నల్ల అట్ట వెనక పెడితే నీడ తప్ప ఇంకేం పడదు. ఈ రెండూ ఒకే బొమ్మలో ఉండాలి, ఆట చివర్లో నీడ జారిపోయి రంగు బయటపడాలి. ఈ ప్రాజెక్టులో అసలు పని అంతే. మిగిలినదంతా దానికోసం పడ్డ తిప్పలు.

కథ జర్మనీది. గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి సంపుటంలో ఉన్న ‘ఆలర్‌లైరౌ’. తెలియనివాళ్ళకు క్లుప్తంగా: బంగారు జుట్టున్న రాణి చనిపోతూ, తనంత అందగత్తె, తనలాంటి జుట్టున్న పిల్ల దొరికితేనే మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని రాజు దగ్గర మాట తీసుకుంటుంది. ఎక్కడ వెతికినా దొరకదు. చివరికి రాజు కన్ను సొంత కూతురి మీద పడుతుంది. ఆ పిల్ల కుదరని షరతులు పెడుతుంది: సూర్యుడిలాంటి గౌను, చంద్రుడిలాంటి గౌను, నక్షత్రాలలాంటి గౌను, రాజ్యంలోని ప్రతి జంతువూ ఒక ముక్క ఇచ్చేలా వెయ్యి రకాల తోళ్ళతో ఒక బొచ్చుకోటు. రాజు అన్నీ తెప్పిస్తాడు. ఆమె గౌన్లు మూడూ ఒక కాయ డొప్పలో దాచుకుని, ముఖానికీ చేతులకూ మసి పూసుకుని, కోటు కప్పుకుని రాత్రికి రాత్రి అడవిలోకి పారిపోతుంది. ఇంకో రాజు వేటగాళ్ళు చెట్టు తొర్రలో ఆమెను పట్టుకుని, వంటింట్లో బూడిద ఎత్తే పనికి పెడతారు. మూడు విందుల్లో మూడు గౌన్లతో ఆ రాజుతో నాట్యం చేసి మాయమవుతుంది, ప్రతిసారీ అతని సూపులో ఒక బంగారు వస్తువు వేస్తుంది. చివరికి రాజు ఆమెను గుర్తుపట్టి కోటు లాగేస్తాడు.

ఇలాంటిదే ఫ్రాన్సులో పెరో రాసిన గాడిద తోలు కథ ఉంది, 1694 నాటిది. ముందు దాన్నే అనుకున్నాను. కానీ అందులో రాజ్యంలోని ఆడవాళ్ళందరి వేళ్ళకూ ఉంగరం పెట్టి చూస్తారు. అన్ని బొమ్మలు ఎవరు కొడతారు? పైగా గ్రిమ్ కథలో అమ్మాయే ఆనవాళ్ళు వదులుతుంది. తనను ఎవరు గుర్తుపట్టాలో తనే తేల్చుకుంటుంది. నాకు అది నచ్చింది.

దశ 1: తెర

మనవాళ్ళ తోలుబొమ్మలు నిలువెత్తు దాకా ఉంటాయి. నావి 38 సెం.మీ., ఫ్లాట్‌లో ఆడేవి.

1. చెక్క రీపర్లతో చట్రం, లోపలి కొలత 120 × 80 సెం.మీ.
2. నూలు పంచె తడిపి, పిండి, తడి మీదే లాగి డ్రాయింగ్ పిన్నులు కొట్టాలి. ఆరాక తనే బిగుస్తుంది.
3. పిన్నుల మధ్య 4 సెం.మీ. మించితే అంచు అలలు తేలుతుంది.

ముందు పాలిస్టర్ కలిసిన పంచె వేశాను. దానిలోంచి దీపం ఒక మెరిసే చుక్కలా కనబడి, చూసేవాళ్ళ కళ్ళు అక్కడికే పోయాయి. నూలు గుడ్డ వెలుతురును అంతటా పరుస్తుంది. పంచె ఎంత పాతదైతే అంత మంచిది.

ఖర్చు: రీపర్లు 420, పంచె 350, స్క్రూలు, పిన్నులు 90. ఇప్పటికి మొత్తం: రూ. 860

దశ 2: దీపం

ఇది తేలిక అనుకుని దాటేయకండి. బొమ్మలు కొట్టాక దీపం మారిస్తే రంధ్రాల సైజు నుంచీ అన్నీ మార్చాల్సి వస్తుంది.

మొదట పెట్టినది మామూలు 12 వాట్ల ఎల్ఈడీ బల్బు. దాని తెల్ల బుడగ వెడల్పు 6 సెం.మీ. తెరకూ దీపానికీ మధ్య 110 సెం.మీ. బొమ్మ తెరకు ఆనించినంతసేపూ బాగానే ఉంది, కాస్త వెనక్కి తీస్తే అంచులు కరిగిపోయాయి. లెక్క ఇది:

మసక వెడల్పు = దీపం వెడల్పు × (బొమ్మ నుంచి తెరకు దూరం ÷ దీపం నుంచి బొమ్మకు దూరం)

- బొమ్మ తెరకు 2 సెం.మీ. దూరంలో: 6 × 2 ÷ 108, అంటే 1.1 మి.మీ. మసక. పర్లేదు.
- బొమ్మ సరిగ్గా మధ్యలో, 55 సెం.మీ. దగ్గర: 6 × 55 ÷ 55, అంటే 6 సెం.మీ. మసక. అది బొమ్మ కాదు, మబ్బు.

మధ్యలో పెట్టాల్సిన అవసరం ఎందుకంటే, ముసలి రాజు కూతురితో తన నిర్ణయం చెప్పేటప్పుడు అతని నీడ రెండింతలు పెరగాలి. బొమ్మను దీపం వైపు సగం దూరం జరిపితే నీడ సరిగ్గా రెండింతలవుతుంది. తోలుబొమ్మకు ఉన్న గొప్ప సుఖం ఇదే, భయం పుట్టించడానికి పైసా ఖర్చు లేదు.

అందుకని బల్బు తీసేసి, ఒకే చిప్పు ఉన్న 5 వాట్ల టార్చి పెట్టాను. చిప్పు వెడల్పు 3 మి.మీ. అదే 55 సెం.మీ. దగ్గర మసక 3 మి.మీ. మాత్రమే. ముందున్న లెన్స్, మెరిసే గిన్నె రెండూ ఊడదీయాలి, లేకపోతే తెర మీద వలయాలు పడతాయి. ఎక్కువసేపు వెలిగితే వేడెక్కుతుంది కాబట్టి వెనక ఒక అల్యూమినియం ముక్క బిగించాను.

చిన్న దీపానికి ఒక నష్టం ఉంది: బొమ్మ పట్టుకునే పుల్లల నీడ కూడా కత్తిలా పడుతుంది. వెదురు బద్దలు తీసేసి 2 మి.మీ. సైకిల్ ఊచలు వాడాను. తెర అంచుల్లో వెలుతురు తగ్గుతుంది, ముఖ్యమైన సీన్లన్నీ మధ్య 80 సెం.మీ. లోపలే జరగాలి.

ఖర్చు: బల్బు, హోల్డరు 240 (వృథా), టార్చి 380. ఇప్పటికి మొత్తం: రూ. 1,480

దశ 3: తోలు, రంగులు, మూడు గౌన్లు

వెంట్రుకలు గీకి, లాగి ఆరబెట్టిన మేక తోళ్ళు రెండు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట నుంచి తెప్పించుకున్నాను. తోలుబొమ్మల కళాకారులు పద్మశ్రీ దళవాయి చలపతిరావు గారి ఊరు అది, అక్కడ ఇప్పటికీ తోలు కొట్టే కుటుంబాలున్నాయి. పచ్చి తోలు ఇంట్లో శుభ్రం చేసే ఆలోచన ఉంటే మానేయండి. వాసనకు పక్క ఫ్లాట్‌వాళ్ళు తలుపు తడతారు.

మంచి తోలును దీపానికి ఎదురుగా పట్టుకుంటే లేత తేనె రంగు వెలుతురు రావాలి. వెన్నెముక పట్టీ మందంగా ఉంటుంది, వెలుతురు తక్కువ రానిస్తుంది. ముఖాలకు, గౌన్లకు పొట్ట వైపు తోలు, సైనికులకూ కుక్కలకూ వెన్ను వైపుది.

గౌన్ల దగ్గర దెబ్బ తగిలింది. సూర్యుడి గౌనుకు బంగారు రంగు పెయింటు, చంద్రుడి గౌనుకు వెండి పెయింటు వేశాను. చేతిలో పట్టుకుంటే ధగధగలాడాయి. దీపం వెలిగించి తెరకు అవతల నిలబడి చూస్తే రెండూ నల్లగా, ఒకేలా ఉన్నాయి. ఆ పెయింటులో ఉన్నది లోహపు పొడి, వెలుతురును వెనక్కి కొడుతుందే గానీ లోపల్నుంచి పోనివ్వదు. తోలుబొమ్మకు రంగు పైన పూయడం కాదు, లోపలికి దిగాలి. నీళ్ళకు చెదరని ఇంకులు తప్ప ఇంకేవీ వాడకండి. గౌన్లు మళ్ళీ ఇలా చేశాను:

1. సూర్యుడు: పసుపు ఇంకు రెండు పూతలు, అంచున నారింజ. పెద్ద రంధ్రాలు, 4 మి.మీ., కిరణాల వరసలో.
2. చంద్రుడు: ఏ రంగూ లేదు. తోలును గాజు పెంకుతో పల్చగా గీకి వదిలేశాను, అంచుకు మాత్రం లేత నీలం. పక్కన ముదురు రంగు బొమ్మ ఉంటే ఇదే వెండిలా కనబడుతుంది.
3. నక్షత్రాలు: ముదురు నీలం మూడు పూతలు, దాని మీద 1 మి.మీ., 1.5 మి.మీ., 2 మి.మీ. రంధ్రాలు కలగలిపి. పాత బల్బుతో 1 మి.మీ. రంధ్రాలు మసకలో మాయమయ్యేవి. టార్చి వచ్చాక ఒక్కొక్కటీ విడిగా వెలుగుతోంది.

రంధ్రాలు కొట్టేటప్పుడు కింద వేపచెక్క పీట. పంచ్ మొద్దుబారితే తోలు తెగదు, నలుగుతుంది, ఆ నలిగిన చోట ఇంకు గుంట కడుతుంది. మధ్యమధ్యలో సన్న గరుకు కాగితం మీద పదును పెట్టుకోవాలి.

మాది కాకినాడ. ఇక్కడి గాలి తేమకు తోలు తెల్లారేసరికి చుట్టుకుపోయింది. పాతవాళ్ళు బొమ్మ నడి మధ్య వెదురు బద్ద ఎందుకు కడతారో అప్పుడు అర్థమైంది. పట్టుకోవడానికే కాదు, వంగకుండా ఉండడానికి కూడా. నేనూ ఊచను తల నుంచి గౌను అంచు దాకా నిలువునా కుట్టేశాను. ఆట లేనప్పుడు రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి పైన సన్నికల్లు.

ఖర్చు: తోళ్ళు 1,600, ఇంకులు 480, పంచ్‌లు 550. ఇప్పటికి మొత్తం: రూ. 4,110. పూర్తయిన బొమ్మలు: 3

దశ 4: బొచ్చుకోటు

మూడు గౌన్ల బొమ్మలకూ ఊడే కోటు పెట్టాలని కూర్చుని చాలా కాగితం పాడుచేశాను. తర్వాత కథ మళ్ళీ చదివితే పని మూడో వంతుకు తగ్గింది. మొదటి రెండు విందుల తర్వాత ఆమె మెట్ల కింది చీకటి గదికి పరుగెత్తి, గౌను విప్పి, మసి పూసుకుని, కోటు వేసుకుంటుంది. అది తెర వెనక జరిగేదే, కోటుతో విడిగా ఒక బొమ్మ చాలు. మూడోసారి మాత్రం గౌను విప్పే టైము ఉండదు, పైనే కోటు వేసేసుకుంటుంది. కాబట్టి కోటూ గౌనూ కలిసి ఉండాల్సిన బొమ్మ నక్షత్రాల బొమ్మ ఒక్కటే.

ఆ ఒక్కదానికి కావలసినవి: కోటు ఉన్నంతసేపూ నీలం చుక్క కూడా కనబడకూడదు; రాజు చెయ్యి పట్టుకున్నప్పుడు కోటు కొంచెం తెరుచుకుని గౌను తళుక్కుమనాలి; తర్వాత రాజు లాగేస్తే మొత్తం ఊడాలి.

*కోటు దేంతో చేయాలి*

1. నల్ల ఇంకు పట్టించిన తోలు: తెర మీద కాఫీ డికాషన్ రంగులో వెలిగింది. ఇంకెన్ని పూతలు వేసినా నలుపు రాలేదు.
2. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) నల్ల అట్ట: వెలుతురు ఆగింది. సాయంత్రానికి తేమకు వంకర తిరిగింది.
3. రెండు పల్చటి నల్ల కాగితాల మధ్య వంటింటి అల్యూమినియం ఫాయిల్: వెలుతురు సున్నా, వంగదు, బరువు 21 గ్రాములు. నీళ్ళలో కలిసే తెల్ల జిగురు పెడితే ముడతలు పడ్డాయి, చెప్పులకు వాడే రబ్బరు సొల్యూషన్ పెడితే చదునుగా వచ్చింది. ఇదే ఖాయం.

*బొచ్చు ఎలా చూపించాలి*

కోటు మీద గీతలు, రంధ్రాలు కొడితే లోపలి గౌను బయటపడుతుంది. నీడకు మిగిలేది అంచు మాత్రమే. వెయ్యి జంతువులను అంచులోనే చెప్పాలి. తోడేలుకు పళ్ళలాంటి కోణాలు, గొర్రెకు గుండ్రటి వంపులు, అడవిపందికి సన్నటి చీలికలు, ఇలా ప్రతి 3 సెం.మీ.కి ఆకారం మార్చాను. లోతు 2 నుంచి 4 మి.మీ. సన్న కత్తెర కన్నా సర్జికల్ బ్లేడు నయం.

*అంచులో లీకేజీ*

బొమ్మ తెర మధ్యలో ఉంటే గౌను పూర్తిగా దాగింది. పక్కకు నడిపిస్తే తెర మధ్య వైపు ఉన్న అంచున సన్నటి నీలం గీత కనబడింది. అట్ట చిల్లు పడిందనుకుని చాలాసేపు వెతికాను. అసలు సంగతి వేరే. దీపం మధ్యలో ఉంది, వెలుతురు పక్కలకు ఏటవాలుగా వస్తుంది. కోటు గౌనుకు 8 మి.మీ. వెనక ఉంది కాబట్టి దాని నీడ బయటి వైపుకు జరుగుతుంది. ఎంత జరుగుతుందంటే: 8 × (మధ్య నుంచి దూరం ÷ దీపం దూరం). తెర చివర 60 సెం.మీ. దగ్గర 8 × 60 ÷ 110, అంటే 4.4 మి.మీ. కోటు గౌను కన్నా అన్ని వైపులా 7 మి.మీ. పెద్దదిగా మళ్ళీ కత్తిరించాను. ఆ 7 మి.మీ.ను బొచ్చు చీలికల అడుగు నుంచి కొలవాలి, కొసల నుంచి కాదు.

*ఊడే ఏర్పాటు*

భుజం దగ్గర బటన్‌లా తిరిగే కీలు పెడితే కోటు తెరుచుకుంది, కానీ నల్ల రెక్కలా పక్కన నిలబడి రాజును కప్పేసింది. చిన్న అయస్కాంతాలు పెట్టాను. పట్టు బాగుంది గానీ మొదటి రిహార్సల్‌లోనే రాకుమారి కోటు వెళ్ళి రాజుగారి ఇనుప ఊచకు అతుక్కుంది. మా అన్నయ్య కూతురు నవ్వు ఆపుకోలేక దీపం తన్నేసింది. చివరికి కొక్కేలే నిలిచాయి:

1. బొమ్మ భుజాల వెనక, అంటే దీపం వైపు, ఊచ ముక్క వంచి రెండు కొక్కేలు. కొస పైకి చూడాలి.
2. కోటు మెడ దగ్గర రాగి తీగతో 6 మి.మీ. రింగులు రెండు. అవి కొక్కేలకు తగులుతాయి.
3. కోటు ముందంచుకు నైలాన్ దారం. దాన్ని పక్కకు లాగితే కోటు 3 సెం.మీ. తెరుచుకుని గౌను కనబడుతుంది.
4. కోటు మెడకు విడిగా ఒక ఊచ. దాన్ని 1 సెం.మీ. పైకెత్తితే రింగులు ఊడతాయి.
5. ఊడాక కోటును కిందికి దించాలి. వెనక్కి, అంటే దీపం వైపు లాగితే నీడ పెరిగి తెరంతా నల్లబడుతుంది, అసలు చూడాల్సిన క్షణం పోతుంది.
6. కింద తువ్వాలు పరవండి. లేకపోతే టప్ మని చప్పుడు.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. కోటు ఊచ ఒకరి చేతిలో, రాజు చెయ్యి ఇంకొకరి చేతిలో.

కోటు ఊడగానే బంగారు జుట్టు కూడా బయటపడాలి. ఊలు దారం వేస్తే నల్లగా పడింది. గిఫ్టులకు చుట్టే పసుపు జిలుగు కాగితం, వెలుతురు దాటేది, సన్నగా కోసి కోటు టోపీలో మడిచిపెడితే జారింది.

ఖర్చు: అట్ట, కాగితాలు 120, రాగి తీగ, అయస్కాంతాలు 60, దారం 40. ఇప్పటికి మొత్తం: రూ. 4,330. పూర్తయిన బొమ్మలు: 4 (కోటుతో మామూలు రాకుమారి కలిపి)

దశ 5: తెల్లగా మిగిలిన వేలు

మూడో నాట్యంలో రాజు ఆమెకు తెలియకుండా వేలికి ఉంగరం తొడుగుతాడు. తర్వాత ఆమె తొందరలో మసి సరిగ్గా పూసుకోదు, ఒక వేలు తెల్లగా మిగిలిపోతుంది. గుర్తుపట్టేది దానివల్లే. 38 సెం.మీ. బొమ్మ మీద ఆ వేలు 3 మి.మీ. వెడల్పు. మూడు మీటర్ల దూరం నుంచి చూసేవాడికి ఏం కనబడుతుంది?

చేతిని విడిగా 18 సెం.మీ. పొడవున చేశాను. ముందు తోలు మీద నాలుగు వేళ్ళకు నల్ల ఇంకు పూసి ఒకటి వదిలితే, ఇంకు తోలు నారల వెంట పాకి ఆ వేలూ మురికైంది. తర్వాత చెయ్యంతా ఫాయిల్ అట్టతో కోసి, ఉంగరపు వేలు స్థానంలో కిటికీ తెరిచి, వెనక గీకిన తోలు ముక్క అన్ని వైపులా 5 మి.మీ. అతివ్యాప్తితో కుట్టాను. ఉంగరం రాయికి ఎరుపు ఇంకు చుక్క.

ఈ చెయ్యి కనబడినప్పుడు తెర మీద ఇంకేమీ ఉండకూడదు. పక్కన చిన్న బొమ్మలుంటే పిల్లలకు రాక్షసి చెయ్యి అనిపిస్తుంది.

దశ 6: మిగతా బొమ్మలు

సూపు గిన్నెలో పడే మూడు వస్తువులు: ఉంగరం, రాట్నం, నూలు చుట్టే చక్రం. చివరి రెండూ నీడలో ఒకేలా కనబడ్డాయి, రెండింటినీ పిల్లలు సైకిల్ అన్నారు. రాట్నానికి జర్మనీలో ఉండే నిలువు కాళ్ళు, దారం పోగు పెట్టాను. రెండో దాని చక్రం తీసేసి నాలుగు చేతుల చట్రంగా మార్చాను.

వంటవాడికి మన తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడి రూపం ఇద్దామని ఒకరు సలహా ఇచ్చారు. ఇవ్వలేదు. కేతిగాడు వస్తే బంగారక్క ఎక్కడని అడుగుతారు, ఆ జంట ఆట వేరే. ఈ వంటవాడికి పొట్ట, పొడుగు టోపీ, చేతిలో గరిటె చాలు.

గట్టిగా తగిలిన ఇబ్బంది రాజులతో. కథలో ఇద్దరికీ పేర్లు లేవు, ఇద్దరూ ‘రాజు’. ఇద్దరికీ కిరీటాలు పెట్టాను. రిహార్సల్ చూస్తూ అన్నయ్య కూతురు, “బాబాయ్, వాళ్ళ నాన్న మళ్ళీ వచ్చేశాడా?” అంది. ఈ కథలో అంతకన్నా ఘోరమైన పొరపాటు ఉండదు. ఎవరి నుంచి పారిపోయిందో అతన్నే చేసుకున్నట్టవుతుంది. మార్చినవి:

1. ముసలి రాజు మొత్తం నల్ల అట్ట, ఎక్కడా రంగు లేదు. గడ్డం, ఎత్తు కిరీటం. ఎప్పుడూ ఎడమ నుంచే వస్తాడు.
2. కుర్ర రాజు పూర్తిగా తోలు, ఆకుపచ్చ అంగీ. కిరీటం బదులు సన్న పట్టీ. కుడి నుంచి వస్తాడు.
3. మాటల్లో ఒకరు ‘తండ్రి’, ఇంకొకరు ‘రాజుగారు’.

తండ్రి కోరికను ఉంచాలా తీసేయాలా అన్నదాని మీద ఇంట్లో వాదన అయింది. వదిన తీసేయమంది. దుర్మార్గుడైన పొరుగు రాజుతో పెళ్ళి అని మార్చి చూశాను. అప్పుడు గౌన్ల షరతులకూ కోటుకూ కారణం పోయింది, తండ్రికి చెప్పుకుంటే సరిపోయేదిగా అనిపిస్తుంది. కాబట్టి ఉంచాను. ఒకే వాక్యం, నీడ రెండింతలు, మంత్రులు వద్దని చేతులెత్తడం, అక్కడితో సీను కట్. పిల్లలకు అది తప్పని చెప్పాల్సిన పనే రాలేదు.

ఖర్చు (5, 6 దశలకు): సైకిల్ ఊచలు 12 × 8 = 96, అట్ట 60. ఇప్పటికి మొత్తం: రూ. 4,486. పూర్తయిన బొమ్మలు: 14, వస్తువులు: 5

దశ 7: ఆడించాక మార్చినవి

అపార్ట్‌మెంట్ హాల్లో ఆడాం. కోటు ఊడింది, జుట్టు జారింది, అంతవరకూ టెన్షన్‌తో చేతులు చెమట పట్టి ఊచలు జారాయి. ఊచల చివర సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాను.

ఇంకో మూడు సంగతులు:

1. నాట్యం సీన్లో ఒకే టార్చి చాలలేదు. ఆకుపచ్చ అంగీ, నీలం గౌను పక్కపక్కన ఉంటే రెండూ చీకటి మడుగులయ్యాయి. రెండో టార్చి కొని పక్కన పెడితే ప్రతిదానికీ రెండేసి నీడలు పడ్డాయి. రెండు చిప్పులనూ ఆనించి పెట్టినా అంచున సన్నటి జంట గీత మిగిలింది. చివరికి దాన్ని ఆపేసి, రాజు అంగీలో ఆకుపచ్చను ఒక పూతకు తగ్గించి, మెడ చుట్టూ రంధ్రాలు పెంచాను. అది పనిచేసింది. రెండో టార్చి కొనకండి.
2. పిల్లలు ఆట అయ్యాక తెర వెనక్కి పరుగెత్తుకొచ్చారు. చంద్రుడి గౌను మడత పడింది. గీకిన తోలు మడిస్తే ఆ గీత పోదు. బొమ్మలు చూపించడానికి విడిగా ఒక పాత బొమ్మ ఉంచుకోండి.
3. బొద్దింకలు తోలు తింటాయి. ఇంకు లేని చంద్రుడి గౌనునే ఎంచుకుని కొరికాయి. ఇప్పుడు అన్నీ ఇనుప ట్రంకులో, వేపాకు పొరల మధ్య.

ఖర్చు: రెండో టార్చి 380. మొత్తం: రూ. 4,866. ఇందులో వృథా అయింది బల్బు 240, టార్చి 380, కలిపి 620. మీరు నేరుగా చేస్తే 4,246లో అయిపోతుంది.

చంద్రుడి గౌను మళ్ళీ కొట్టాలి. మిగిలిన తోలులో పొట్ట వైపు ముక్క 40 × 25 సెం.మీ. ఉంది, అది సరిపోతుంది. ఈసారి గీకే ముందు పొడిగా కాకుండా తడి గుడ్డతో కాస్త నానబెట్టి గీకుతాను, పోయినసారి గాజు పెంకు రెండుచోట్ల తోలును చీల్చింది. అంచున నీలం పట్టీ వెడల్పు 4 నుంచి 8 మి.మీ.కి పెంచాలి, హాలు వెనక వరసకు అది కనబడలేదట.